ఐదింటికి వెళ్లే ఉత్తరం

"రాయి," అన్నాడు కన్యంత. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను."

చిలుఫ్యా చాప మీద కూర్చుని కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుంది. సోఫా, కుర్చీలు ఇంకా పెరట్లోనే ఉన్నాయి. చావింట్లో నేల మీదే కూర్చోవాలి కనుక పది రోజుల కిందట బయటపెట్టినవి. మధ్యలో ఒక వాన కూడా పడింది. వాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

"చెప్పు."

"సితాలీ అని మొదలుపెట్టు. గారూ గీరూ ఏమీ వద్దు."

"రాశాను."

"'నీ భార్య పోయిందని కబురు పంపాం. నాలుగు రోజులు శవాన్ని ఆసుపత్రి గదిలో ఉంచి నీ కోసం కాచుకున్నాం. నువ్వు రాలేదు. రాలేనన్న ఒక్క మాట కూడా పంపలేదు.'" కన్యంత ఆగి, అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "'కాబట్టి ఈ రోజుతో నీకూ మాకూ చెల్లు. కసుబా మా చెల్లెలి కడుపున పుట్టింది, మా వంశం పిల్ల. మా దగ్గరే పెరుగుతుంది. వెతుక్కుంటూ రాకు.'"

చిలుఫ్యా రాసింది. రాసి, ఎవరూ చెప్పని ఇంకో వాక్యం చేర్చింది. వస్తే గడప ఎక్కనివ్వం.

"ఏం చేర్చావు?" కన్యంత మెడ చాచి చూశాడు. చదివి తల ఊపాడు. "అదీ మాట. నువ్వే నయం అక్కా, నాకంటే."

నయమో కాదో ఆమెకు తెలియదు. కడుపులో మంట మాత్రం తమ్ముడికంటే తనదే ఎక్కువని తెలుసు. కన్యంత లువాన్ష్యా గనుల నుంచి కబురందుకుని వచ్చాడు. చెల్లెలు ముటాలే తన ఇంట్లో, తన పక్కగదిలో, మూడు రోజుల జ్వరానికి కరిగిపోతుంటే చూసింది తను. ఆఖరి రాత్రి ఆసుపత్రికి చేర్చాక, మాట పడిపోయే ముందు అది అడిగింది ఒకటే. "ఆయనకి చెప్పావా అక్కా?"

గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్న తల్లి నోరు విప్పింది. పొద్దుటి నుంచి ఆమె మాట్లాడటం అదే మొదలు.

"వాడికి కబురు అందిందని మీకెవరు చెప్పారు?"

"అమ్మా, మళ్లీ మొదలుపెట్టకు," అన్నాడు కన్యంత.

"అడుగుతున్నాను. ఎవరు చెప్పారు?"

"అది పోస్టు సంచీలో వెళ్లే ఉత్తరం కాదమ్మా," అంది చిలుఫ్యా. "తడవదు, చిరగదు, దారి తప్పదు. ఇక్కడ మీట నొక్కితే మర్నాటికి విండ్‌హోక్‌లో ఉంటుంది. యూనివర్సిటీ కంప్యూటర్ మీద ఆరేళ్లుగా నేను చేస్తున్న పని అది. డీన్ గారి ఉత్తరాలు లండన్ దాకా వెళ్తాయి. నా ఒక్క ఉత్తరం పక్క దేశానికి వెళ్లదా?"

"నేను ట్రంక్ కాల్ బుక్ చేస్తానన్నాను," అన్నాడు కన్యంత. "అక్కే వద్దంది. జోహన్నెస్‌బర్గ్ మీదుగా లైను దొరికేసరికి రెండు రోజులవుతుంది, నా ఉత్తరం అంతకు ముందే చేరుతుందంది. చేరింది కూడా. చేరాకే రాలేదు. అదే కదా మంట!"

"ఏమో," అంది ముసలామె. "నా బిడ్డ నీడ వాడి మీదే ఉంది. పెళ్లాం పోయిన మగాడి మీద నుంచి ఆ నీడ దించవలసింది పెళ్లాం వైపు వాళ్లు. ఆ పని చెయ్యకుండా తెంచుకుంటే, వాడు జన్మంతా దాన్ని మోస్తాడు."

"మొయ్యనీ! వాడు విండ్‌హోక్ పోయి కూర్చుంటే రెండేళ్లు తల్లీబిడ్డల బరువు మనం మోశాం. ఇప్పుడు నీడైనా వాడు మొయ్యనీ!"

వంటింటి గుమ్మంలో గిన్నె చప్పుడయింది. తొమ్మిదేళ్ల కసుబా అక్కడ నిలబడి ఉంది. న్షిమా సంకటి వండిన గిన్నె కడిగి తెచ్చింది. ముగ్గురూ మాట ఆపేశారు.

"నా స్కూలు బట్టలు సంచీలో పెట్టనా, పెద్దమ్మా?"

"పెట్టమ్మా."

"లువాన్ష్యా బడిలో ఇవే బట్టలా?"

"అక్కడ వేరే కొంటాలే," అన్నాడు కన్యంత. గొంతు పూర్తిగా మారిపోయింది. "నీ కోసం పచ్చ గౌను కొంటాను. మీ ముగ్గురు బావలూ నీ సంచీ మొయ్యడానికి పోట్లాడుకుంటారు చూడు."

పిల్ల నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది.

నిన్న పెద్దలంతా కూర్చుని చావు మాట తేల్చారు. పిల్ల మేనమామది, రేపు పొద్దున అతని వ్యానులో లువాన్ష్యా వెళ్తుంది. సెలవులకు చిలుఫ్యా దగ్గరికి వస్తుంది. తండ్రికి ఇక కబురు ఒక్కటే, అది చిలుఫ్యా పంపుతుంది. కంప్యూటర్‌లో ఉత్తరం పంపడం ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఆమె నడుముకు చుట్టుకున్న చితెంగే గుడ్డ బిగించి కట్టుకుని, కాగితం మడిచి లేచింది.

"ఇవాళే వెళ్లాలి," అన్నాడు తమ్ముడు. "వాడు రేపటికల్లా చదవాలి."

* * *

యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో ఎనిమిది తెరలున్నాయి. సెలవులు కావడంతో అన్నీ ఖాళీ. అద్దాల గదిలో పెద్ద యంత్రం ఒక్కటే హోరుమంటోంది. ఊరంతా ఉక్కపోసినా దానికి మాత్రం చల్లగా ఉండాలి. దాన్ని నడిపే జెరె కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించి చప్పట్లు కొట్టాడు, పెద్దవాళ్లకు చేసినట్టు.

"రండి వదినా, రండి. కోతుల్ని తినే రాజ్యం రాణిగారు పది రోజులు కనపడకపోయేసరికి, ఈ యంత్రం న్షిమా ముట్టలేదు."

జెరె ఎంగోనీ తెగవాడు, చిలుఫ్యా వాళ్లు బెంబా. బెంబా వాళ్లకీ ఎంగోనీ వాళ్లకీ బావామరదుల వేళాకోళం తాతల నాటిది. చావింట్లో కూడా ఆగదు, అక్కడే ఇంకా ఎక్కువ. ముటాలేని మట్టి చేసిన రోజున కూడా అతను నిలబడి నలుగురినీ నవ్వించాడు. మామూలుగా అయితే ఎలుకల్ని కాల్చుకు తినే వాళ్లకు ఇంత నోరేమిటని ఆమె తిప్పికొట్టేది.

"ఇవాళ వద్దు జెరె."

"ఇవాళే కావాలి. ఏడ్చేవాళ్లని నవ్వించకపోతే మేమెందుకు మీకు?"

"నేను ఏడవడానికి రాలేదు. తెగతెంపులు రాయడానికొచ్చాను."

జెరె ఆమె చేతిలోని కాగితం చూశాడు. కుర్చీ లాగి వేశాడు.

"నా పేరు మీద ఏమైనా వచ్చిందా?"

"రోజూ చూస్తూనే ఉన్నాను వదినా. ఏమీ రాలేదు."

"రాదు. ఏ ముఖం పెట్టుకుని రాస్తాడు?"

నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. పేరు కొట్టింది. రహస్యపు మాట కొట్టింది. ఉత్తరాల ప్రోగ్రాం తెరుచుకుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు. అంతా అక్షరాలే. ఏ మీటకు ఏ పనో అడుగున రెండు వరుసల్లో రాసి ఉంటుంది. ఆమె ఆ వరుసల్ని చదవడం మానేసి నాలుగేళ్లయింది. వేళ్లకే తెలుసు.

కొత్త ఉత్తరం కోసం 'సి' నొక్కింది.

ఖాళీ కాగితం రాలేదు. తెర అడుగున ఒక ప్రశ్న వెలిగింది. పక్కన పెట్టిన ఉత్తరం ఒకటి ఉంది, దాన్ని కొనసాగించాలా?

ఆమెకు విసుగొచ్చింది. డీన్ గారిదే ఏదో మిగిలిపోయి ఉంటుంది. ఆయన పద్ధతి అలాంటిది. తను ఉత్తరం కొట్టి పంపకుండా పక్కన పెట్టాలి. అచ్చు తీసి ఆయన బల్ల మీద ఉంచాలి. ఆయన ఎర్ర పెన్నుతో దిద్ది, సరేనని సంతకం చేశాక తెరిచి పంపాలి. ఆరేళ్లుగా ఈ గదిలో ఆమె కొట్టిన ఏ ఉత్తరమూ ఒక్కసారిగా బయటికి పోలేదు. ముందు పక్కన పెట్టడం, తర్వాతే పంపడం.

ఏ ఉత్తరమో చూసి పని ముగిద్దామని అవునని నొక్కింది.

ఎవరికి అన్న చోట సితాలీ చిరునామా ఉంది. విషయం అన్న చోట ఒకే మాట. ముటాలే.

కింద నాలుగు వాక్యాలు.

'సితాలీ, ఈ తెల్లవారుజామున ముటాలే వెళ్లిపోయింది. నువ్వొచ్చేదాకా మట్టి చెయ్యం. వెంటనే బయల్దేరు. కసుబా నిన్నే అడుగుతోంది.'

చిలుఫ్యా చదివింది. మళ్లీ చదివింది. తెర మీద గీత ఒకటి ఆఖరి మాట పక్కన కొట్టుకుంటూ ఉంది, ఇంకేమైనా రాస్తావా అన్నట్టు.

"జెరె!"

అతను ఉలిక్కిపడి వచ్చాడు.

"ఆ రోజు నేను పంపిన ఉత్తరం వెళ్లిందా లేదా చూడు."

"ఏ రోజు?"

"నా చెల్లెలు పోయిన రోజు! పొద్దున్నే వచ్చానుగా. నువ్వున్నావుగా!"

"ఉన్నాను. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చారు. రెండు నిమిషాలు కూర్చుని లేచిపోయారు. పలకరిస్తే పలకలేదు." జెరె ఆమె భుజం మీదుగా వంగి, పంపిన ఉత్తరాల పెట్టె తెరిచాడు. పై నుంచి కింది దాకా చూశాడు. "ఆఖరుది డీన్ గారు గబరోన్‌కి రాసింది. దాని తర్వాత ఏమీ లేదు వదినా."

"ఉండాలి."

"లేదు."

"నీ యంత్రం మింగేసి ఉంటుంది! నెలకోసారి పడుకుంటుందిగా అది. ఆ రోజు పడుకుని ఉంటుంది. నువ్వు చెప్పవు, నీ తప్పవుతుందని!"

జెరె ముఖంలో వేళాకోళం ఎక్కడా లేదు. "మింగితే ఎక్కడో ఒకచోట కక్కుతుంది. ఇది మీరు పంపలేదు. పక్కన పెట్టారు. కంట్రోల్, ఎక్స్ నొక్కితే వెళ్లేది. మీరు కంట్రోల్, 'ఓ' నొక్కారు."

"నోరు మూసుకో."

 అతను ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. ఆ పొద్దున కళ్లకు తెర కనపడలేదు. చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది. రోజూ చేసినట్టే పక్కన పెట్టింది. ఎవరో వచ్చి చదివి, దిద్ది, సరే అనాలని. ఆ పొద్దున సరే అనడానికి ఎవరూ లేరు.

పది రోజులు. పది రోజులుగా ఆ మనిషిని తిట్టని తిట్టు లేదు. ఐదో రోజు, మట్టి చేసే పొద్దున, కసుబా బూట్లు తొడుక్కుని ప్రహరీ గోడెక్కి కూర్చుంది. రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సునూ చూస్తోంది. 'దిగు. మీ నాన్న రాడు. తెలిసీ రాలేదు,' అన్నది తనే. పిల్ల ఏడవలేదు. గోడ దిగింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది.

"వదినా," జెరె మెల్లగా అన్నాడు. "ఇప్పుడైనా పంపొచ్చు. అదే ఉత్తరం వెళ్తుంది. తేదీ మాత్రం ఇవాళ్టిది పడుతుంది."

"ఏమన్నావు?"

"రాసిన రోజు తేదీ ఉండదు. పంపిన రోజుదే."

అతను ఊరికే చెప్పాడు. పనివాడు పని సంగతి చెప్పినట్టు. ఆమెకు మాత్రం చెవుల్లో సీసం పోసినట్టయింది.

ఇవాళ్టి తేదీతో 'ఈ తెల్లవారుజామున' అన్న మాట వెళ్తే చాలు. ముటాలే ఇవాళే పోయిందనుకుని సితాలీ పరిగెత్తుకొస్తాడు. వచ్చేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఆలస్యం నీదే అనవచ్చు. తన తప్పు ఎవరికీ తెలియదు.

అంతకంటే తేలికైన దారి ఇంకొకటుంది. ఈ నాలుగు వాక్యాలూ చెరిపేసి మడత కాగితంలోది కొట్టడం. పిల్ల లువాన్ష్యాలో ఉంటుంది. సెలవులకు తన దగ్గరికొస్తుంది. బస్సులో ఐదు గంటల దూరం. సితాలీ వస్తే మాత్రం విండ్‌హోక్. అక్కడి నుంచి ఏ సెలవులకూ ఎవరూ రారు. పిల్లల్లేని ఇంట్లో రెండేళ్లుగా ఒక పిల్ల గొంతు వినపడుతోంది. ఆ గొంతు కావాలంటే తను చెయ్యవలసిందల్లా ఈ మీట నొక్కడమే.

ఈ రెండు దారులూ తనకు ఇంత సులువుగా తోచినందుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంతకుముందు సితాలీ మీద ఉన్న కోపమంతా ఎటూ పోలేదు. అలాగే ఉంది. చిరునామా మారిందంతే.

ఆమె 'ఈ తెల్లవారుజామున' అన్న మాటను ఒక్కో అక్షరంగా చెరిపింది. కొత్తగా కొట్టింది.

'సితాలీ, పది రోజుల కిందట ముటాలే వెళ్లిపోయింది. ఆ రోజే నీకు రాశాను. రాసిన ఉత్తరాన్ని పంపలేదు. పంపాననుకున్నాను. నాలుగు రోజులు నీ కోసం ఆగి మట్టి చేశాం. నువ్వు కావాలనే రాలేదని అందరికీ చెప్పాను. నీ కూతురికి కూడా నేనే చెప్పాను. తప్పు నాది. పిల్లను రేపు లువాన్ష్యా తీసుకెళ్తున్నారు. బయల్దేరు. చిలుఫ్యా.'

అచ్చు తియ్యలేదు. రెండోసారి చదవలేదు. కంట్రోల్, ఎక్స్. పంపాలా అని అడిగింది. అవును.

"వెళ్లిందా?"

"నా యంత్రంలోకి వచ్చింది," అన్నాడు జెరె. "పన్నెండింటి లైను అయిపోయింది. మళ్లీ ఐదింటికి ఫోను కలుపుతాను. అప్పుడు ఊరు దాటుతుంది. అందాకా వరుసలో ఉంటుంది."

గోడ గడియారంలో మూడున్నర.

"అందాకా వెనక్కి తియ్యొచ్చా?"

"తియ్యొచ్చు. నేను తియ్యాలి. తియ్యనా?"

"వద్దు."

"బాగా ఆలోచించుకోండి వదినా. చావింటి మాట ఇది. మీ రక్తసంబంధీకులు ఎవరొచ్చి అడిగినా నేను కాదనలేను."

మడత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అక్కడే చెత్తబుట్టలో పడేసి ఆమె బయటికి నడిచింది.

* * *

కన్యంత వ్యానులో పరుపు చుట్ట కడుతున్నాడు. ముటాలే కుట్టు మిషను అప్పటికే ఎక్కించాడు, పిల్ల పెద్దయ్యాక వాడుకుంటుందని.

"పంపావా?"

"పంపాను."

"చెప్పింది చెప్పినట్టేనా?"

"కాదు. లోపలికి రా. అమ్మ ముందు చెప్తాను."

అతను తాడు వదిలి వచ్చాడు. ఆమె కూర్చోలేదు. గుమ్మం పక్కన నిలబడే చెప్పింది. ఏ మీట నొక్కాలో, ఏది నొక్కిందో, ఎందుకు నొక్కిందో. బడిలో తప్పు చేసిన పిల్ల చెప్పినట్టు, వరసగా, ఏదీ వదలకుండా చెప్పింది.

 పక్కింటి రేడియోలో ఎవరి చావో ప్రకటిస్తున్నారు. చనిపోయినవారి పేరు, ఊరు, మట్టి చేసే రోజు. అది పూర్తయ్యేదాకా ముగ్గురూ విన్నారు.

"అంటే," అన్నాడు కన్యంత. "వాడికి తెలియదు."

"తెలియదు."

"ఇప్పటికీ తెలియదు."

"తెలియదు."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి తల్లి కళ్లు దించుకుంది. "గోతి దగ్గర నిలబడి, మూడు వందల మంది ముందు, వాడి పేరు చెప్పి ఉమ్మేశాను నేను. నా పక్కనే ఉన్నావు నువ్వు. నా భుజం పట్టుకున్నావు."

"పట్టుకున్నాను."

"నేను ఫోను చేస్తానంటే నువ్వేమన్నావు? కార్మికుడివి నీకేం తెలుసు అన్నట్టు చూశావు. చదువుకున్న అక్క! కంప్యూటరు తెలిసిన అక్క! లండన్‌కి ఉత్తరాలు పంపే అక్క!"

"అను. ఇంకా అను."

"అననిస్తే తేలిగ్గా ఉంటుందా నీకు? అనను!" చేతిలోని తాడు ముక్కను గోడకేసి కొట్టాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవరెవరికి తెలుసు?"

"జెరెకి."

"జెరె మనవాడే. నేను చెప్తే నోరెత్తడు. అక్కా, విను. జరిగిందేదో జరిగింది. పెద్దలు మాట తేల్చి ఊళ్లకెళ్లిపోయారు. పిల్ల సంచీ సర్దుకుంది. ఇప్పుడిది తవ్వితే ఎవరికి లాభం? ఆ ఉత్తరం వెళ్లిపోయిందా?"

వెళ్లిపోయిందని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఆమె నోటి దాకా వచ్చింది. ఆ రోజు ఇంకో అబద్ధానికి చోటు లేదనిపించింది.

"ఐదింటికి వెళ్తుంది."

కన్యంత చేతి గడియారం చూసుకున్నాడు. "నాలుగూ ఇరవై."

"ఆపను, కన్యంతా."

"నువ్వు ఆపక్కర్లేదు. నేను ఆపిస్తాను."

"వాడికి తెలియాలి."

"తెలిస్తే వస్తాడు. వస్తే పిల్లని పట్టుకెళ్తాడు. అక్కడి చట్టం వాడి వైపు, ఇక్కడి చట్టం వాడి వైపు. మేనమామ మాట మన చాపల మీద చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లుతుందా? ఆ తర్వాత నీకేం మిగులుతుంది? నువ్వూ, ఈ నాలుగు గోడలూ!"

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"తెలిసే."

"వాడు చెల్లెల్ని రెండేళ్లు వదిలేశాడు! అది ఒక్కతే..."

"కన్యంతా," అంది తల్లి. గట్టిగా అనలేదు. "రెండేళ్ల సంగతి వాడు ముటాలేకి చెప్పుకోవాలి. ఆ గోతి దగ్గర కూర్చుని చెప్పుకోనీ. తిట్టుకుంటాడో, ఏడుస్తాడో. పెళ్లాం కోసం ఏడ్చే హక్కు వాడిది. దాన్ని దాచడానికి మీరిద్దరూ ఎవర్రా?"

"దాచింది నేను కాదు, అమ్మా. నీ పెద్దకూతురు."

"అది తెలియక దాచింది. నువ్వు తెలిసి దాస్తానంటున్నావు."

 కన్యంత మేకుకు తగిలించిన వ్యాను తాళాలు తీసుకున్నాడు. చిలుఫ్యా గుమ్మానికి అడ్డంగా జరిగింది.

"తప్పుకో అక్కా."

"అది నా ఉత్తరం."

"అది నా చెల్లెలి చావు."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కప్పుకుని, మధ్యలో ముటాలేని పడుకోబెట్టుకున్న వాళ్లు. అతని కళ్ల నిండా నీళ్లున్నాయి. అయినా చెయ్యి ఆమె భుజం మీద పడింది. తోసింది. పెద్ద తోపు కాదు. ఆమె గోడకు తగిలి ఆగింది. అతను వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ఆమె వెంటపడబోయింది.

"పెద్దమ్మా."

కసుబా వంటింటి గుమ్మంలో ఉంది. ఎప్పటి నుంచి ఉందో. చేతిలో స్కూలు గౌను, సగం మడిచినది.

"నాన్నకి తెలియదా?"

చిలుఫ్యా ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తుకు వచ్చింది. బయట వ్యాను తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"తెలియదమ్మా. తెలిసీ రాలేదని నేను నీతో అన్నాను. అది నిజం కాదు. నేను పంపిన కబురు వెళ్లలేదు. తప్పు నాది, నాన్నది కాదు."

పిల్ల ఆ మాటల్ని ఒక్కొక్కటే లోపలికి తీసుకుంటున్నట్టు చూసింది.

"ఐదింటికి తెలుస్తుందా?"

"ఐదింటికి వెళ్తుంది. రేపు పొద్దున చదువుతాడు."

"చదివేదాకా నాన్నకి ఏమీ తెలియదు కదా?"

"తెలియదు."

"అయితే ఇప్పుడు నాన్న దగ్గర అమ్మ ఇంకా బతికే ఉందా?"

చిలుఫ్యా పిల్లను దగ్గరికి తీసుకుంది.  మూలనుంచి ముసలామె మూలిగింది.

వ్యాను ఇంజను ఒకసారి దగ్గి ఆగింది. రెండోసారి అందుకుంది. నడిచి వెళ్తే యూనివర్సిటీ అరగంట. అడ్డదారిన పరిగెడితే ఇరవై నిమిషాలు. ఇప్పుడు లేస్తే, లైను కలిపే ముందు జెరె దగ్గర ఇద్దరూ ఉండొచ్చు.

ఆమె లేవబోయింది. లేవలేకపోయింది. పిల్ల గౌను వదిలేసి, రెండు చేతులా ఆమె చితెంగే కొంగు పట్టుకుని ఉంది. పట్టు చిన్నదే. విడిపించుకోవడం ఎంతసేపు.

"వెళ్లకు పెద్దమ్మా," అంది కసుబా. "మామయ్యని ఆ ఉత్తరం ఆపెయ్యనీ."